ఎకోలో పీఏ ప్రెషర్ ఎక్కువొస్తే: రకం తేల్చడం, ముప్పు లెక్కగట్టడం

ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో 'సివియర్ పీఏహెచ్' (ఊపిరితిత్తుల ధమనుల్లో తీవ్రమైన అధిక ఒత్తిడి) అని కనబడగానే సిల్డెనాఫిల్ (ఆ ధమనులను వెడల్పు చేసే మాత్ర) రాసేయకండి. ఎకో చెప్పేది ఊపిరితిత్తుల ధమని (పీఏ)లో ఒత్తిడి పెరిగి ఉండొచ్చన్నంత వరకే. మిట్రల్ వాల్వ్ (గుండె ఎడమ పక్క కవాటం) సన్నబడిన మనిషికి ఆ మాత్ర ఇస్తే ఊపిరితిత్తుల్లోకి రక్తం ఎక్కువగా వెళ్లి నీరు చేరే ప్రమాదం ఉంది. ముందు రకం, తర్వాత ముప్పు, ఆ తర్వాతే మందు.

ట్రైకస్పిడ్ (గుండె కుడి పక్క కవాటం) లీకు వేగం సెకనుకు 2.8 మీటర్లు దాటితే అనుమానించాలి. 3.4 దాటితే అవకాశం చాలా ఎక్కువ. అప్పుడు కూడా మొదట వెతకాల్సింది ధమనులే జబ్బుపడే అసలు పీఏహెచ్‌ను కాదు, అంతకన్నా మామూలుగా కనబడే కారణాలను. చిన్నప్పుడు కీళ్లవాపు జ్వరం వచ్చిందేమో అడిగి, మిట్రల్ వాల్వ్‌ను మళ్లీ చూడండి. చిత్తూరు వైపు నుంచి వచ్చినవారిని గ్రానైట్ క్వారీలో ఎన్నేళ్లు పనిచేశారో అడగండి. సిలికోసిస్, పాత టీబీ, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ, ఇవన్నీ కారణాన్ని బట్టి చేసిన గ్రూపుల్లో, ఊపిరితిత్తుల జబ్బు వల్ల వచ్చే మూడో గ్రూపు కిందికి వెళ్తాయి. ఆ తర్వాత పాత రక్తపుగడ్డలు. దీనికి వీక్యూ స్కాన్ (ఊపిరితిత్తులకు గాలి, రక్తం అందే తీరు చూసేది) చేయించాల్సిందే. సీటీ యాంజియోలో సన్నటి పాత గడ్డలు కంటికి దొరక్కపోవచ్చు. ఇక్కడ పొరపడితే ఆపరేషన్‌తో బాగయ్యే మనిషి జీవితాంతం మాత్రలు మింగుతూ ఉండిపోతాడు.

ఇవేవీ కాకపోతేనే మొదటి గ్రూపు, అంటే పీఏహెచ్. అందులోని ఉపరకాలు సగం చేతివేళ్ల దగ్గరే తెలుస్తాయి. ధనుర్మాసం తెల్లవారుజామున కుళాయి నీళ్లు తగిలితే వేళ్లు తెల్లబడి నీలమవుతున్నాయా? వేళ్ల చర్మం బిగిసి, మెరుస్తూ, చిటికెతో పట్టుకోవడానికి రావడం లేదా? అయితే స్క్లెరోడెర్మా (చర్మం బిగుసుకుపోయే జబ్బు) అనుమానించి ఏఎన్ఏ, యాంటీ సెంట్రోమియర్ రక్తపరీక్షలు పంపండి. ఆక్సీమీటర్‌ను కుడిచేతి వేలికి పెట్టి చూసి, తర్వాత కాలి వేలికి పెట్టండి. చేతిలో 95, కాలిలో 84 ఉంటే పుట్టుకతో వచ్చిన పీడీఏ (పుట్టాక మూసుకోవాల్సింది తెరిచే ఉండిపోయిన రక్తనాళం) ద్వారా రక్తం తిరగబడి పారుతోందన్నమాట. చేతికి ఒక్కదానికే పెట్టి వదిలేస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. హెచ్ఐవీ పరీక్ష, లివర్ స్కాన్, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా ఇలాగే పోయారా అన్న ప్రశ్న, ఆకలి తగ్గించే మాత్రలు వాడారా అన్న ప్రశ్న తప్పనిసరి.

రకాన్ని బట్టి ముందు ముందు ఎలా ఉంటుందన్నదీ మారుతుంది. స్క్లెరోడెర్మాతో వచ్చిన పీఏహెచ్ కారణం తెలియని దానికన్నా త్వరగా ముదురుతుంది. ఐసెన్‌మెంగర్ రోగులు (పుట్టుక లోపం గుండా రక్తం ఇలా తిరగబడినవారు) నీలంగా కనబడినా ఎక్కువ ఏళ్లు నెట్టుకొస్తారు.

నిర్ధారణకు కుడి గుండె క్యాథ్ (సన్నటి గొట్టం పంపి ఒత్తిడి నేరుగా కొలవడం) కావాలి. సగటు పీఏ ప్రెషర్ 20 ఎంఎంహెచ్‌జీ దాటాలి, వెడ్జ్ (ఎడమ గుండె వైపు ఒత్తిడిని సూచించే కొలత) 15 లోపు ఉండాలి, పీవీఆర్ (ఊపిరితిత్తుల రక్తనాళాల నిరోధం) 2 వుడ్ యూనిట్లు దాటాలి. సగటు 52, వెడ్జ్ 10, కార్డియాక్ అవుట్‌పుట్ (గుండె నిమిషానికి పంపే రక్తం) 3.5 లీటర్లు అనుకుంటే పీవీఆర్ (52−10)÷3.5 = 12. ఎక్కువ తప్పులు జరిగేది వెడ్జ్ దగ్గరే. ఊపిరి వదిలిన చివర్లోనే రీడింగ్ తీసుకోవాలి. మెషిన్ వేసిచ్చే సగటును నమ్మొద్దు. నీటిమాత్రలు బాగా పడ్డ రోగిలో వెడ్జ్ తక్కువగా కనబడి మోసం చేస్తుంది. అనుమానం ఉంటే ఎడమ జఠరిక ప్రెషర్ నేరుగా కొలవండి. కారణం తెలియనివి, వంశపారంపర్యం, మందుల వల్ల వచ్చినవి, ఈ మూడింటికే నైట్రిక్ ఆక్సైడ్ పీల్పించే పరీక్ష చేయాలి. సగటు కనీసం 10 తగ్గి, 40కి గానీ అంతకన్నా కిందికి గానీ దిగి, అవుట్‌పుట్ పడిపోకుండా ఉంటే పాజిటివ్. వాళ్లకు కాల్షియం ఛానల్ మందులు పెద్ద మోతాదులో పనిచేస్తాయి. మిగతావారికి అవే మందులు ప్రాణం మీదికి తెస్తాయి.

ఇక ముప్పు. మొదట ఆయాసం స్థాయి. "మెట్లెక్కగలరా" అని అడిగితే లాభం లేదు, అలిపిరి మెట్లెక్కితే ఆరోగ్యవంతుడికీ ఆయాసమే. "ఆరు నెలల కిందట చేసి ఇప్పుడు మానేసిన పని ఏది?" అని అడగండి. నీళ్ల బిందె కోడలు మోస్తుంటే అత్తగారు "నాకేం ఆయాసం లేదు" అనే చెబుతారు. పని చేస్తూ మళ్లీ మళ్లీ కళ్లు తిరిగి పడిపోతుంటే అది హై రిస్క్ గుర్తు.

ఆరు నిమిషాల నడకకు 30 మీటర్ల నిడివున్న వరండా కావాలి. పొట్టి వరండాలో మలుపులు ఎక్కువై దూరం తగ్గిపోతుంది. ముందు పది నిమిషాలు కూర్చోబెట్టండి. వెంట వచ్చినవాళ్లను పక్కన నడవనివ్వకండి, వాళ్ల వేగం రోగి వేగమైపోతుంది. నిమిషానికోసారి ఒకే మాట, ఒకే గొంతుతో చెప్పండి.

మందు మొదలుపెట్టాక మూడు నుంచి ఆరు నెలలకోసారి మూడు అంశాలకు పాయింట్లు వేయాలి. ఆయాసం (డబ్ల్యూహెచ్ఓ నాలుగు స్థాయిల్లో, నాలుగోది అన్నిటికన్నా తీవ్రం): ఒకటి, రెండు స్థాయిలకు 1, మూడుకు 3, నాలుగుకు 4. నడక: 440 మీటర్లు దాటితే 1, 320–440కి 2, 165–319కి 3, అంతకన్నా తక్కువకు 4. ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ (గుండె మీద భారం చూపే రక్తపరీక్ష): 300 లోపు 1, 300–649కి 2, 650–1,100కి 3, ఆపైన 4. మూడో స్థాయి ఆయాసం, 350 మీటర్లు, 900 ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ ఉన్న రోగికి 3+2+3=8, మూడుతో భాగిస్తే 2.67, దగ్గరి అంకె 3. అంటే నాలుగు మెట్లలో మూడోదైన ఇంటర్మీడియట్ హై ముప్పు. మందు పెంచాలి, ప్రోస్టాసైక్లిన్ దారిలో పనిచేసే మందులు (రక్తనాళాలను వెడల్పు చేసేవి) ఆలోచించాలి, ఊపిరితిత్తుల మార్పిడి కేంద్రానికి ముందే చెప్పాలి. అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి: కిడ్నీ జబ్బుంటే బీఎన్‌పీ ఊరికే పెరుగుతుంది, మోకాళ్ల నొప్పులుంటే నడక ఊరికే తగ్గుతుంది.

మందు మొదలైన కొద్ది రోజుల్లోనే ఆయాసం పెరిగి, ఎక్స్‌రేలో నీరు కనబడితే మోతాదు పెంచకండి. అది ఊపిరితిత్తుల సిరలు మూసుకుపోయే పీవీఓడీ కావచ్చు. డీఎల్‌సీఓ (ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు చేరే సామర్థ్యం) బాగా తక్కువగా ఉండటం, సీటీలో సెప్టల్ గీతలు, పెరిగిన లింఫ్ గ్రంథులు దాని ఆనవాళ్లు. మందు ఆపి, మార్పిడి కేంద్రానికి అదే రోజు ఫోన్ చేయండి.