గ్రూప్ క్లాసులో కుక్క మాట వినకపోతే: లోపం ఎక్కడ, సవరణ ఎలా

బెంగళూరు‌లో వారాంతపు ట్రైనింగ్ క్లాసుకి ఆరేడు కుక్కలు వస్తే, మొదటి రోజు రెండు మూడైనా గొడవ చేస్తాయి. "మాది మొండిది" అని యజమాని అక్కడే తేల్చేస్తారు. నిజంగా మొండితనం వల్ల వచ్చే ఇబ్బంది చాలా తక్కువ. ముందు పక్క కుక్కతో దూరం చూడండి, తర్వాత మీ చేతిలోని లీష్ (కుక్కను పట్టుకునే తాడు), ఆ తర్వాత కడుపు.

పక్క కుక్కను చూడగానే మొరుగుతూ మీదికి దూకుతోంది

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. ఎదుటి కుక్క ఎంత దగ్గరికొస్తే ఓర్చుకోలేదో, ఆ హద్దు ప్రతి కుక్కకీ వేరు. ఒకదానికి 3 మీటర్లు చాలు, మరోదానికి 20 కావాలి. ఆ హద్దు దాటాక మీరెంత అరిచినా మాట చెవికెక్కదు. పైగా కంగారులో లీష్‌ను చేతికి చుట్టి బిగిస్తాం. ఎదుటి కుక్క కనిపించినప్పుడల్లా మెడ బిగుస్తుంటే, ఆ కుక్క వల్లే ఏదో ముప్పు అని మీ కుక్క నేర్చుకుంటుంది.

మొరగడానికి ముందు ఒకటి రెండు సెకన్లు గుర్తులు కనిపిస్తాయి. తెరిచి ఉన్న నోరు టక్కున మూసుకుంటుంది. చెవులు ముందుకు నిక్కుతాయి. బరువు ముందుకాళ్ల మీదికి వస్తుంది. తోక పైకి లేచి బిగుసుకుంటుంది. ఆ క్షణంలోనే వెనక్కి తిరిగి నడిచేయండి. మొరిగాక చేసేదేమీ లేదు. తిట్టకుండా దూరం జరగడమే.

ఎక్కడైతే ట్రీట్‌ను (మెప్పుగా ఇచ్చే తిండి ముక్కను) వేళ్లు కొరక్కుండా మెత్తగా అందుకుంటుందో, అక్కడ నిలబడండి. ఎదుటి కుక్కను చూసిన ప్రతిసారీ "యస్" అని, సెకనులోపు ముక్క ఇవ్వండి. అయిదు నిమిషాలు చేసి రెండు నిమిషాలు విశ్రాంతి. కాసేపటికి దానంతటదే మీ మొహం చూడటం మొదలుపెడుతుంది. అప్పుడు ఒక మీటరు ముందుకు. మైదానం చిన్నదైతే ఆగి ఉన్న కారు చాటున నిలబడతామని ట్రైనర్‌ని అడగండి. కుక్కకీ కుక్కకీ మధ్య కనీసం 3 మీటర్లు ఉంచలేని చోట క్లాసు పెట్టకూడదు.

ట్రీట్ ముట్టడం లేదు

గేటు బయటికి తీసుకెళ్లి అదే ముక్క ఇవ్వండి. అక్కడ తింటే లోపల భయపడుతోందని అర్థం, కాబట్టి మళ్లీ దూరమే మందు. అక్కడా తినకపోతే కడుపు నిండి ఉండొచ్చు, ముక్క రుచించకపోవచ్చు, ఎండ తగిలి ఉండొచ్చు. పెద్ద కుక్కకు క్లాసుకి మూడు గంటల ముందే తిండి ముగించండి. కుక్కపిల్లల్ని పస్తుంచకండి, సగం పెట్టండి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్‌ను బఠాణీ గింజంత ముక్కలుగా కోసి 100 గ్రాములు తెస్తే గంట క్లాసుకి సరిపోతుంది. చిన్న జాతులకు అందులో సగమే. ఆ మేరకు ఆ రోజు తిండి తగ్గించండి. కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ మాత్రం విషం.

మార్చి నుంచి మే దాకా ఉదయం క్లాసే మేలు. చేతి వెనక వైపు నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ నేల పాదాలను కాలుస్తుంది. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు ఎండకు అసలు ఆగలేవు.

ఇంట్లో చేస్తుంది, క్లాసులో వెర్రిగా చూస్తోంది

అమ్మమ్మ "కూర్చో" అంటుంది, అబ్బాయి "సిట్" అంటాడు, పనికొచ్చే ఆమె కన్నడలో "కూత్కో" అంటుంది. బెంగళూరు తెలుగిళ్లలో ఇది మామూలే. ఏదో ఒక మాట ఎంచుకుని ఫ్రిజ్ మీద అంటించండి. ఏ భాషైనా పర్లేదు. మాట కంటే చేతి సైగను కుక్క త్వరగా పట్టుకుంటుంది కాబట్టి సైగ కూడా అందరిదీ ఒకటే ఉండాలి.

రెండో కారణం చోటు. హాల్లో నేర్చుకున్న "సిట్" దానికి హాలుకే పరిమితం. కారిడార్, లిఫ్టు ముందు, పార్కింగ్, గేటు, ఖాళీ వీధి, ఈ వరసలో వెళ్లండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగ్గా చేశాకే తర్వాతి చోటు. సందడిగా ఉండే ఆదివారం ఉదయపు కబ్బన్ పార్కు చివరి మెట్టు. దానితో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ.

"స్టే" చెప్తే లేచి వచ్చేస్తోంది

సమయం, దూరం, సందడి మూడూ ఒకేసారి పెంచుతున్నారు. ముందు పక్కనే నిలబడి 3 సెకన్లు, 5, 10. తర్వాత ఒక అడుగు దూరం జరిగి మళ్లీ 3 నుంచి. ముక్క మీ దగ్గరికి పిలిచి ఇవ్వకండి, మీరే వెనక్కి వెళ్లి అది కూర్చున్న చోటే ఇవ్వండి.

పిలిస్తే రావడం లేదు

పిలిచిన ప్రతిసారీ లీష్ తగిలించి ఇంటికి లాక్కెళ్తే ఎందుకొస్తుంది? పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు ముక్క ఇచ్చి మళ్లీ ఆడుకోనివ్వండి. అప్పటిదాకా 30 అడుగుల పొడవాటి తాడు, అదీ మెడ కాలర్‌కి కాకుండా హార్నెస్‌కి (ఛాతీ చుట్టూ వేసే పట్టీకి). క్లాసులో మాత్రం 6 అడుగుల మామూలు లీషే. సాగే లీష్ వద్దు, లాగితే తాడు వస్తుందని అదే నేర్పుతుంది. గొలుసు బిగించి కుదపమనే ట్రైనర్ దగ్గర డబ్బు కట్టేసినా మానేయండి.

నిన్నటిదాకా చేసింది, ఇవాళ ఉన్నట్టుండి మానేసింది

కూర్చోవడానికి జంకుతున్నా, మెట్లెక్కనన్నా, నీరసంగా ఉన్నా అది క్రమశిక్షణ సమస్య కాదు. తుంటి నొప్పి, పాదంలో ముల్లు, మన దగ్గర తరచుగా వచ్చే పిడుదు జ్వరం, ఏదైనా కావచ్చు. చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులున్నాయేమో చూడండి. వెటర్నరీ డాక్టర్ చూసి సరే అనేదాకా క్లాసుకి తేకండి.