మోకాలి ఎంఆర్ఐలో మెనిస్కస్ టేర్: రాసే ముందు ఏం చూసుకోవాలి

సమస్య ఎప్పుడూ ఇలాగే వస్తుంది. పీడీ సాజిటల్‌లో (మోకాలిని పక్క నుంచి చూపే ఎంఆర్ఐ చిత్రాల్లో) మెనిస్కస్ మీద, అంటే తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి మీద, తెల్లటి గీత కనబడింది, రిపోర్టులో టేర్ (చిరుగు) అని రాసేశారు, పేషెంట్ ఆ కాగితం పట్టుకుని ఆపరేషన్ టెన్షన్‌తో ఆర్థో దగ్గరికి వెళ్ళాడు. తీరా ఆర్థ్రోస్కోపీ చేస్తే (కీలులోకి సన్నటి కెమెరా పంపి చూస్తే) మెనిస్కస్ బాగానే ఉంది. లేదా, టేర్ లేదని రాశారు, లోపల చూస్తే వెనకవైపు నిలువునా చిరిగి ఉంది.

అన్నిటికంటే ముందు ఒకటే చూడండి, ఆ గీత మెనిస్కస్ పై అంచునో కింది అంచునో తాకుతోందా? జూమ్ చేసి చూడాలి. లోపలే ఆగిపోయిందంటే అది టేర్ కాదు, వయసుతో వచ్చే మార్పు, చిన్నపిల్లల్లో అయితే అక్కడి రక్తనాళాలు. రెండు స్లైసుల్లో (ఎంఆర్ఐ వరసగా తీసే పలుచటి కోతల్లాంటి చిత్రాల్లో) అంచును తాకితే ధైర్యంగా టేర్ అని రాయండి. ఒక్క స్లైసులోనే తాకితే 'అనుమానం' అని రాసి ఆపండి. అర నిమిషం పని ఇది, అయినా దీన్ని వదిలేసి రాసిన రిపోర్టులు నా దగ్గరికి ఇంకా వస్తూనే ఉన్నాయి, దాని వెనక ఒక మనిషి మోకాలు ఉందన్నది గుర్తొచ్చి బాధేస్తుంది.

గీతలా కాకుండా మసకగా తెల్లబడి ఉంటే, అదీ లాటరల్ మెనిస్కస్ (మోకాలి బయటివైపుది) పోస్టీరియర్ హార్న్ (వెనక కొన) మోకాలి మధ్యవైపు పైకి ఎక్కే చోట ఉంటే, మ్యాజిక్ యాంగిల్ అనుకోండి. అక్కడి పోగులు అయస్కాంత క్షేత్రానికి సుమారు 55 డిగ్రీల కోణంలో పడితే టీఈ (సిగ్నల్ పట్టేదాకా ఆగే సమయం) తక్కువున్న సీక్వెన్సుల్లో అలా వెలుగుతాయి. టీఈ ఎక్కువుండే టీ2 చిత్రాలు తెరిచి చూడండి, పోతుంది.

అసలు చిక్కు కూడా ఆ పోస్టీరియర్ హార్న్ దగ్గరే ఉంది. అక్కడి నుంచి ఒక లిగమెంట్ (నారలాంటి గట్టి పట్టీ) బయలుదేరి తొడ ఎముక లోపలి కాండైల్‌కు (ఎముక చివరి గుండ్రటి ఉబ్బుకు) ఎక్కుతుంది. పీసీఎల్ (మోకాలి మధ్యలో వెనకవైపు ఉండే లిగమెంట్) ముందు నుంచి వెళ్తే హంఫ్రీ, వెనక నుంచి వెళ్తే రిస్‌బర్గ్. అది మెనిస్కస్‌కు అతుక్కునే చోట మధ్యలో సన్నటి సందు కనబడుతుంది, అచ్చం చిరుగులాగే ఉంటుంది. పీజీలో మొదటి ఏడాదే 'అది టేర్ కాదు, లిగమెంట్' అని నేర్పిస్తారు. నేర్పింది నిజమే, కానీ నేను తప్పులో కాలేసింది ఆ పాఠం దగ్గరే.

కబడ్డీ ఆడే కుర్రాడు, ఏసీఎల్ (పీసీఎల్‌కు ముందుండే లిగమెంట్) తెగింది. పోస్టీరియర్ హార్న్‌లో నిలువు గీత చూశాను, రిస్‌బర్గ్ అనుకుని ముందుకెళ్ళిపోయాను. ఆపరేషన్ రోజు సర్జన్ ఫోన్ చేసి 'వెనక నిలువుగా చిరిగి ఉందండీ, కుట్లు వేయాలి' అన్నారు. కుట్లు పడితే కాలు మీద బరువు మోపడం, మోకాలు పూర్తిగా మడవడం కొన్ని వారాలు ఆపాలి, ఇంట్లోవాళ్ళకు ముందు చెప్పిందేమో ఏసీఎల్ ఒక్కటే. ఆ సాయంత్రం ఫిల్ములు మళ్ళీ తెరిచి ఒక్కో స్లైసూ లెక్కపెట్టాను. లిగమెంట్ రెండో స్లైసుకే మెనిస్కస్‌లో కలిసిపోయింది, గీత మాత్రం ఐదో స్లైసులో కూడా ఉంది.

కారణం ఏంటంటే, ఏసీఎల్ తెగేటప్పుడు ఆ లిగమెంట్ అతుకు దగ్గరే మెనిస్కస్ చిరిగే అవకాశం ఎక్కువ, అంటే నకిలీ గీతా అసలు చిరుగూ ఒకే చోట మొదలవుతాయి. తేడా పొడవులో ఉంది. పీసీఎల్ బయటి అంచు కనిపించే చివరి సాజిటల్ స్లైసు దగ్గర మొదలుపెట్టి బయటివైపుకు లెక్కపెట్టండి. గీత ఒకటి రెండు స్లైసుల్లో ఆగిపోయి, కరోనల్‌లో (ముందు నుంచి చూపే చిత్రాల్లో) ఆ లిగమెంట్ నల్లటి తాడులా కాండైల్ దాకా ఏటవాలుగా ఎక్కుతూ కనబడితే లిగమెంటే. 14 మిల్లీమీటర్లు దాటిందంటే, అంటే 3 మిల్లీమీటర్ల స్లైసులూ మధ్యలో అర మిల్లీమీటరు గ్యాపూ ఉంటే నాలుగు స్లైసులు, దాన్ని టేర్‌గానే చూడండి. ఏసీఎల్ తెగిన ప్రతి మోకాలికీ ఈ లెక్క వేయాల్సిందే, గీత ఎంత అమాయకంగా కనబడినా సరే.

పాప్లిటియస్ టెండన్ (మోకాలి వెనక కండరాన్ని ఎముకకు కలిపే తాడు) పక్కన సందు, ముందువైపు రెండు మెనిస్కస్‌లను కలిపే ట్రాన్స్‌వర్స్ లిగమెంట్ కూడా చిరుగులా కనబడతాయి, వీటిని పక్క స్లైసుల్లోకి వెంబడిస్తే తేలిపోతాయి. కీలులో గాలి, మెనిస్కస్‌లో ఎముక ముక్క లాంటివి అరుదు, ఎక్స్‌రే పక్కన పెట్టుకుంటే చాలు. ఇంతకుముందు మెనిస్కస్ ఆపరేషన్ అయిన మోకాలైతే పాత స్కాన్ లేకుండా తేల్చొద్దు, మానిన చోట కూడా గీత అంచును తాకుతుంది.

ఇంకొకటి, టేర్ నిజమే అయినా నొప్పి దానిదే కాకపోవచ్చు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 50 నుంచి 90 ఏళ్ళ వాళ్ళ మోకాళ్ళకు స్కాన్ తీసి 2008లో ఫలితాలు ప్రచురించారు, టేర్ ఉన్నవాళ్ళలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో నొప్పి, బిగుతు ఏవీ లేవు. అందుకే స్కాన్‌కు ముందే నొప్పి ఎక్కడో పేషెంట్‌ను ఒక్క వేలితో చూపించమని, అక్కడ విటమిన్-ఇ క్యాప్సూల్ టేపుతో అంటించమని టెక్నీషియన్‌కు చెప్పండి. క్యాప్సూల్ చిత్రంలో తెల్లగా కనబడుతుంది, గీతకు అది ఎంత దూరంలో ఉందో మీకే తెలిసిపోతుంది.