రొయ్యల గుంటల గట్టు మీద తిరిగే ఏటీవీకి టైర్లు ఎలా ఎంచుకోవాలి?

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద మేత బస్తాలు మోయడానికో, ఒంగోలు దగ్గర కొత్తపట్నం ఇసుకలో తిరగడానికో ఏటీవీ (బురదలోనూ ఇసుకలోనూ తిరిగే, హ్యాండిల్ ఉన్న నాలుగు చక్రాల బండి) కొన్నవారిలో చాలామంది, టైర్లు అరిగిన రోజున పాతవాటికన్నా పెద్దవి, లోతైన గ్రిప్పు ఉన్నవి కావాలని అడుగుతారు. వాటితో బండి చూడటానికి గంభీరంగానే ఉంటుంది గాని, లాగేటప్పుడు ఆయాసపడుతుంది. టైరు ఎంపిక షాపులో కాకుండా, బండి తిరిగే నేల మీద మొదలు కావాలి.

ముందుగా, మీ దారిలో బండి ఎక్కువసార్లు ఇరుక్కునే చోటును గుర్తించండి. మిగిలిన దారి ఎంత బాగున్నా టైరును నిర్ణయించేది ఆ చోటే. అక్కడ ఒక గడ్డపారను నేలలోకి దించి చూడండి. పై బురద కింద జానెడు లోతులో గట్టి నేల తగిలితే, సన్నగా ఎత్తుగా ఉండే టైరు బురదను కోసుకుంటూ దిగి ఆ గట్టి నేలను పట్టుకుంటుంది. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో వానాకాలం జరిగినట్టు గడ్డపార దిగుతూనే పోతే, సన్న టైరు బండిని ముంచుతుంది కాబట్టి, బరువును పరిచి మోసే వెడల్పాటి టైరు కావాలి. పొడి ఇసుకకు కూడా వెడల్పే మేలు, అయితే అక్కడ లోతైన గ్రిప్పు ఇసుకను తవ్వి బండిని కడుపు దాకా దించుతుంది. (జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి కనుక, ఆ నెలల్లో బీచ్ ఇసుక మీదికి బండిని తీసుకుపోకపోవడమే మంచిది.)

తరువాత పాత టైరు మీది అంకెలు చదవండి. 25×8–12 అని ఉంటే టైరు ఎత్తు 25 అంగుళాలు, వెడల్పు 8 అంగుళాలు, అది కూర్చునే రిమ్ము 12 అంగుళాలు అని అర్థం. చాలా బండ్లకు వెనుక టైరు 25×10–12 కొలతలో కాస్త వెడల్పుగా ఉంటుంది, ముందు టైరు సన్నగా ఉండటం వల్ల హ్యాండిల్ సులువుగా తిరుగుతుంది. రిమ్ము మార్చనంత వరకు చివరి అంకె మారకూడదు. ఎత్తును 25 నుంచి 27కు పెంచితే నేలకూ బండి అడుగుకూ మధ్య దూరం పెరిగేది రెండు అంగుళాలు కాదు, ఒక్క అంగుళమే. ఆ అంగుళం కోసం ఇంజను ప్రతి చుట్టుకూ 8 శాతం ఎక్కువ దూరం నెట్టాలి, అంటే లాగే బలం ఆ మేరకు తగ్గుతుంది, బస్తాలతో గట్టు ఎక్కేటప్పుడు ఇంజను శక్తిని చక్రాలకు అందించే బెల్టు వేడెక్కుతుంది.

నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి అయితే ముందు, వెనుక టైర్ల ఎత్తుల మధ్య కంపెనీ ఇచ్చిన నిష్పత్తిని చెడగొట్టకూడదు. దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు: టైరు అడుగు భాగం మీదా, దాని కింది నేల మీదా సుద్దతో గీతలు గీసి, చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగేలా బండిని నెట్టి ఆ దూరాన్ని ముందు టైరుకూ వెనుక టైరుకూ విడిగా కొలవండి. ఆ రెండింటి నిష్పత్తి పాత టైర్లతో ఎంత వచ్చిందో కొత్తవాటితోనూ అంతే రావాలి. 25 అంగుళాల టైరుకు అది సుమారు రెండు మీటర్లు వస్తుంది.

ఇక ఎవరూ అడగని సంగతి బరువు. ఒక్కో టైరు 3 కిలోలు పెరిగితే నాలుగింటికీ కలిపి 12 కిలోలే కదా, అది సగం మేత బస్తా కూడా కాదు కదా అనిపిస్తుంది. కాని బస్తా బండి మీద కదలకుండా కూర్చుంటుంది, టైరును మాత్రం బయలుదేరిన ప్రతిసారీ తిప్పాలి, ఆగిన ప్రతిసారీ బ్రేకుతో నిలపాలి. పైగా ఆ బరువు షాక్ అబ్జార్బర్లకు కింద ఉంటుంది కాబట్టి గుంత తగిలినప్పుడు చక్రం ఎగిరి నేలను వదిలేస్తుంది, బేరింగులు త్వరగా అరుగుతాయి. అందుకే కొనేముందు మేత తూచే కాటా మీద పాత టైరునూ కొత్త టైరునూ పెట్టి చూడండి. షాపువాడు వింతగా చూసినా ఫరవాలేదు.

అయితే తేలికదనం కోసం మరీ పలుచని టైరు తీసుకుంటే మన ప్రాంతంలో సర్కారు తుమ్మ ముల్లు ఊరుకోదు. టైరు మీద రాసే ప్లై (పొర) అంకె దాని బలాన్ని తెలిపే కొలత, నిజంగా అన్ని పొరలు ఉన్నాయని కాదు. ఇసుకకూ మెత్తని గట్లకూ 4 ప్లై సరిపోతుంది. కనిగిరి వైపు ముళ్ల కంపలోనో, చీమకుర్తి క్వారీల దగ్గర పగిలిన గ్రానైటు ముక్కల మీదో తిరిగే బండికి 6 ప్లై తీసుకుని, పెరిగే బరువును భరించక తప్పదు. అలాంటప్పుడు ఎత్తు మాత్రం పెంచకండి.

బిగించాక బండిని జాకీ మీద లేపి, హ్యాండిల్‌ను రెండు వైపులా చివరి దాకా తిప్పి టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుందేమో చూడండి. ఆ తరువాత ఇద్దరిని బండి ఎక్కించి, కిందికి అణచి మళ్లీ తిప్పి చూడాలి, ఎందుకంటే ఖాళీ బండిలో కనిపించని రాపిడి బరువు పడినప్పుడు బయటపడుతుంది.

గాలి విషయంలో పెట్రోలు బంకును నమ్ముకోవద్దు. ఏటీవీ టైర్లకు సాధారణంగా 5 నుంచి 7 పాయింట్లే ఉండాలి, కారుకు అలవాటుపడిన చెయ్యి 30 దాకా కొట్టేస్తుంది. బంకులోని మీటరు అంత తక్కువ గాలిని సరిగ్గా చూపదు కాబట్టి తక్కువ పీడనానికి పనికొచ్చే చిన్న గేజి ఒకటి కొనుక్కుని, బండి మీది స్టిక్కరులో ఉన్న అంకెను పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు సరిచూడండి. మొదటి రోజు తిరిగి వచ్చాక చక్రాల నట్లు మరోసారి బిగించండి.