జాలీ చూసి జ్యూసర్ కొనండి: వేసవికి ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలు చెబుతారు. హైదరాబాదులో ఆ తరువాతి వారం నుంచే ఎండ ముదురుతుంది, రోడ్ల పక్కన పుచ్చకాయల కుప్పలు లేస్తాయి, నల్లగొండ బత్తాయిల బండ్లు వీధి వీధికీ వస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే కోఠి, ఆబిడ్స్, దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలలో జ్యూసర్లు ముందు వరుసలోకి చేరుతాయి. వేడికి తాళలేక తొందరలో కొన్న యంత్రం తొలకరి నాటికి అటకెక్కితే పోయేది డబ్బు మాత్రమే. కానీ అది వంటింట్లో ఉన్న ఆ మూడు నెలలలో వేళ్ళు తెగడానికీ, షాక్ కొట్టడానికీ, పుల్లబడిన రసం తాగి కడుపు చెడడానికీ కూడా అవకాశం ఉంటుంది. కాబట్టి ఎండలు ముదరక ముందే, తీరికగా ఆలోచించి కొనవలసిన వస్తువు ఇది.

మూడేళ్ళ కిందట మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. ఒక ఆదివారం ఉదయం మా అమ్మ క్యారెట్ రసం తీస్తుండగా జ్యూసర్ చప్పుడు మారింది. రోజూ వినిపించే రొద పోయి గరగరమన్న మోత మొదలైంది. చూస్తుండగానే యంత్రం గజగజ వణుకుతూ వంటింటి గట్టు మీద నాలుగు వేళ్ళ మేర జరిగింది. అమ్మ వెంటనే గోడ దగ్గర స్విచ్ ఆపింది. మూత తీసి చూస్తే లోపలి స్టీలు జాలీకీ దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కట్టుకూ మధ్య వెంట్రుక వాసి పగులు కనిపించింది. ఆ పగులు అంతకు చాలా రోజుల ముందే మొదలై ఉంటుందనీ, పిప్పి గట్టిపడినప్పుడల్లా మేము దానిని స్టీలు పీచుతో బలంగా రుద్దడమే అందుకు కారణమనీ బాగుచేసే మనిషి చెప్పాడు. జిగురు పెట్టి అతికించడానికి కూడా అతను ఒప్పుకోలేదు. అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పే మాట ఒక్కటే: మోటారు ఎన్ని వాట్లని అడిగే ముందు జాలీ ఎలా ఉందో చూడండి.

ఎందుకో అర్థం కావాలంటే యంత్రం పని తీరు కొంత తెలియాలి. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే జ్యూసర్‌లో అడుగున పదునైన పళ్ళున్న పళ్ళెం ఒకటి పండును కోరుతుంది. ఆ కోరు చుట్టూ ఉన్న జాలీబుట్ట నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. ఆ వేగానికి రసం సన్నని రంధ్రాల గుండా బయటికి చిమ్ముతుంది, పిప్పి పైకి ఎగిరి వేరే గిన్నెలో పడుతుంది. జాలీ ఒక పక్క మూసుకుపోతే ఆ పక్క బరువెక్కి తిరుగుడు సమతూకం తప్పుతుంది. వణుకు, మోత, మోటారు వేడెక్కడం అన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. అంత వేగంలో జాలీ తునిగితే ఆ ముక్కలను ఆపేది పైనున్న ప్లాస్టిక్ మూతా, దానిని పట్టి ఉంచే రెండు క్లిప్పులూ మాత్రమే.

అందుచేత దుకాణంలో జాలీని చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. రంధ్రాలన్నీ ఒకే తీరుగా, అంచులు నున్నగా ఉండాలి. స్టీలు, ప్లాస్టిక్ కలిసే చోట గోరుతో చుట్టూ తడిమితే ఎక్కడా తట్టుకోకూడదు. ఆ జాలీ విడిగా దొరుకుతుందా, ఎంతకు దొరుకుతుంది, నగరంలో ఏ సర్వీస్ సెంటర్‌లో దొరుకుతుంది అన్న ప్రశ్నలు బిల్లు వేయించుకోక ముందే అడగాలి; సరైన సమాధానం రాకపోతే ఆ యంత్రం ఎంత చవకైనా వద్దనుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మూత సరిగ్గా బిగించకపోతే యంత్రం అసలు కదలకూడదు. ఈ రక్షణ పని చేస్తోందో లేదో దుకాణంలోనే ప్లగ్గు పెట్టించి, క్లిప్పు ఒకటి వదులు చేసి చూపించమనాలి.

ఏ యంత్రం కొనాలన్నది మీ ఇంట్లో ఏ పండు రసం ఎక్కువగా తాగుతారన్న దానిని బట్టి ఉంటుంది. బత్తాయి, నారింజ, నిమ్మ మాత్రమే అయితే సగానికి కోసి పైనుంచి నొక్కే చిన్న విద్యుత్ జ్యూసర్ చాలు. అది తక్కువ విద్యుత్తుతో నెమ్మదిగా తిరుగుతుంది, కడగడం తేలిక, పదునైన పళ్ళు లేవు కాబట్టి పెద్దవారున్న ఇంటికి కూడా అనువైనది. బత్తాయిని మిక్సీ జార్‌లో గింజలతో పాటు తిప్పితే రసం చేదెక్కుతుంది, ఈ చిన్న యంత్రంలో ఆ బాధ తక్కువ. క్యారెట్, బీట్‌రూట్, యాపిల్ వంటి గట్టివాటికి పైన చెప్పిన వేగపు జ్యూసర్ పనికివస్తుంది. దానిమ్మ, ఉసిరి, అల్లం, ఆకుకూరలు ఎక్కువగా వాడేవారికి కోల్డ్ ప్రెస్ అనే నెమ్మది రకం మేలు. అందులో మరలాంటి కడ్డీ నిమిషానికి సుమారు నలభై నుంచి ఎనభై చుట్ల వేగంతో పండును నలిపి పిండుతుంది. నురగ తక్కువ, పిప్పి పొడిగా వస్తుంది, చప్పుడు కూడా తక్కువ. పోషకాలు ఎక్కువగా నిలుస్తాయని దాని గురించి జరిగే ప్రచారాన్ని నమ్మి రెట్టింపు, మూడింతల ధర పెట్టనవసరం లేదు. నెమ్మదిగా ముక్కలు వేస్తూ నిలబడే ఓపిక లేనివారికి అది నప్పదు, గట్టి క్యారెట్‌ను తొందరపడి తోస్తే మర పట్టేస్తుంది.

మామిడి, సపోటా, బొప్పాయి, అరటి పండ్లకు జ్యూసర్ అక్కరలేదు. వాటిలో ఉండేది గుజ్జు. జాలీలో వేస్తే రంధ్రాలన్నీ పూడుకుపోతాయి. వాటికి ఉన్న మిక్సీయే చాలు. పుచ్చకాయకు కూడా మిక్సీ, ఒక వడపోత గిన్నె సరిపోతాయి. చెరకు ముక్కలను మాత్రం ఇంటి జ్యూసర్‌లో ఎన్నడూ వేయకూడదు, ఆ నారకు జాలీ తట్టుకోలేదు.

వాట్ల మాటకు వస్తే, ఒక కుటుంబానికి ఐదు వందల వాట్ల వేగపు జ్యూసర్ చక్కగా సరిపోతుంది. మిక్సీలకూ, ఈ రకం జ్యూసర్లకూ భారతీయ ప్రమాణం ఐఎస్ 4250. ఐఎస్ఐ ముద్ర పైన ఆ సంఖ్య, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ లైసెన్సు అసలుదో కాదో భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో అక్కడికక్కడే చూసుకోవచ్చు. యంత్రం అడుగున అతికించిన చీటీలో ఎన్ని నిమిషాలు నడపవచ్చు, ఎన్ని నిమిషాలు ఆపాలి అన్నది రాసి ఉంటుంది. మోటారు ఆయుష్షు అంతా ఆ రెండు అంకెల్లోనే ఉంది. ఇంటికి పదిమంది చుట్టాలు వచ్చిన రోజున ఏకబిగిన అరగంట నడిపి మోటారు కాల్చుకున్నవారు నాకు తెలిసినవారిలోనే ఇద్దరున్నారు.

ఇక విద్యుత్తు సంగతి. ఐదు వందల వాట్ల యంత్రం 230 వోల్టుల వద్ద రెండు ఆంపియర్లకు కొంచెం పైగా తీసుకుంటుంది కనుక మామూలు ఆరు ఆంపియర్ల సాకెట్ చాలు. అయితే మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా ఉండే పై పిన్ను ఎర్తింగుకు పోతుందన్న సంగతి మరిచి, సాకెట్‌లో పట్టడం లేదని రెండు పిన్నుల అడాప్టర్‌తో నడపడం ప్రాణాల మీదికి తెచ్చే పని. పాత అపార్టుమెంట్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలున్నా వెనుక ఎర్తింగు వైరు లేకపోవడం అరుదు కాదు. వేసవికి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఒకసారి పరీక్ష చేయించడం, వీలైతే కరెంటు లీకైన వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించడం అవసరం. సింకు పక్కనే ఉన్న సాకెట్‌ను వాడవద్దు. రసం ఒలికిన గట్టు మీద, తడి చేతులతో ప్లగ్గు తీయవద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఏసీల భారం పెరిగి సాయంత్రం పూట వోల్టేజి తగ్గినప్పుడు మోటారు మందగిస్తుంది, మనం పండును మరింత బలంగా నొక్కుతాము, అప్పుడే అది వేడెక్కి వాసన వస్తుంది. లైట్లు మసకబారిన వేళ జ్యూసర్ జోలికి పోకపోవడం మేలు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద కూడా నడపవద్దు. నడుస్తున్నది దానంతట అదే ఆగిపోతే ముందు ప్లగ్గు తీసి, చల్లారేదాకా ఆగి, అడుగున ఎర్ర బొత్తాం ఉంటే దానిని నొక్కి చూడాలి. మళ్ళీ మళ్ళీ ఆగుతుంటే లోపల ఏదో పట్టేస్తోందని గ్రహించాలి.

నడిపే సమయంలో పండు వేసే గొట్టంలోకి చెయ్యి గానీ, చెంచా గానీ, అట్లకాడ గానీ పోకూడదు. నొక్కడానికి యంత్రంతో పాటు ఇచ్చిన పిడి ఉండేది అందుకే, అది పోతే కొత్తది తెచ్చుకునేదాకా యంత్రం పక్కన పెట్టాలి. యాపిల్ మొత్తంగా పట్టే వెడల్పాటి గొట్టం ఉన్న యంత్రంలోకి పసివాడి చెయ్యి కూడా పడుతుందని గుర్తుంచుకోవాలి. స్విచ్ ఆపగానే జాలీ ఆగదు. చప్పుడు పూర్తిగా సద్దుమణిగి, ప్లగ్గు తీసిన తరువాతే మూత మీద చెయ్యి వేయాలి.

కడగడం దగ్గరే చాలామంది విసుగు చెంది జ్యూసర్‌ను అటకెక్కిస్తారు, నిజానికి ఆ పని అప్పటికప్పుడు చేస్తే ఐదు నిమిషాలే పడుతుంది. మే నెల ఎండలో పిప్పి గంట తిరగక ముందే జాలీకి బంకలా అతుక్కుంటుంది, ఈగలు చేరతాయి, మర్నాటి రసానికి పులిసిన వాసన వస్తుంది. అందుకని గ్లాసులలో రసం పోసిన వెంటనే, తాగడానికి కూర్చోక ముందే, జాలీని కుళాయి కింద తలకిందులుగా పట్టాలి. నీరు బయటి వైపు నుంచి లోపలికి పోవాలి. రంధ్రాలలో ఇరుక్కున్న పీచు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. తరువాత మెత్తని కుచ్చు బ్రష్‌తో లోపలి నుంచి ఒకసారి, బయటి నుంచి ఒకసారి రుద్దాలి. అడుగున ఉన్న పళ్ళు కత్తి కన్నా పదునైనవి కాబట్టి వేళ్ళతో తుడవకూడదు. స్టీలు పీచు వద్దే వద్దు. క్యారెట్ రంగు ప్లాస్టిక్‌కు పట్టుకుంటే కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిస్తే చాలావరకు వదులుతుంది. మూతకు ఉన్న రబ్బరు రింగును వారానికి ఒకసారైనా ఊడదీసి చూడండి. నల్లటి బూజు దాక్కునేది అక్కడే. మోటారు ఉన్న అడుగు భాగాన్ని నీళ్ళలో ముంచకుండా, పిండిన తడిగుడ్డతో తుడిచి, తీపికి చీమలు గాలి రంధ్రాల గుండా లోపలికి చేరకుండా పొడిగా ఉంచాలి.

పండ్ల విషయంలో రెండు ముఖ్యమైన హెచ్చరికలున్నాయి. పండ్లను కాల్షియం కార్బైడ్‌తో మగ్గబెట్టడం చట్టప్రకారం నిషేధం, ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఇథిలీన్ వాయువును మాత్రమే పరిమితంగా అనుమతిస్తారు. అయినా పండ్ల మీద తెల్లటి పొడి కనిపిస్తే ఆ పండ్లు తేవద్దు. ఏ పండైనా కారే నీటి కింద రుద్ది కడిగి, తొక్క తీసి వాడాలి. రెండోది సొరకాయ రసం. బరువు తగ్గడానికీ, చలువకూ మన ఊళ్ళో ఉదయాన్నే దీనిని తాగేవారు చాలామంది. చేదు సొరకాయలో కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం ఉంటుంది; అటువంటి రసం తాగి మన దేశంలో మరణించినవారున్నారు, భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసి మరీ దీనిని పరిశీలించింది. కాబట్టి ప్రతిసారీ చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టి చూడాలి. చేదనిపిస్తే కాయ మొత్తం పారేయాలి. ఆ చేదును దాచే ఇతర రసాలేవీ అందులో కలపకూడదు. తాగిన తరువాత వాంతులు, కడుపునొప్పి మొదలైతే ఇంటి వైద్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

తీసిన రసం వెంటనే తాగాలి, బత్తాయి రసమైతే ఉంచే కొద్దీ చేదెక్కుతుంది కూడా. ఒక గ్లాసుకు మూడు నాలుగు బత్తాయిలు పడతాయి. పీచు పిప్పితో పోయి చక్కెర గ్లాసులో మిగులుతుంది. అందుకే మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రసం కన్నా పండునే తినమంటుంది. మధుమేహం ఉన్నవారు వైద్యుని అడిగి తాగాలి, ఏడాది నిండని పసిపిల్లలకు పండ్ల రసం అవసరమే లేదు.

బిల్లు, దుకాణం ముద్ర వేసిన వారంటీ కార్డు భద్రపరచండి. మోటారుకు ఐదేళ్ళ వారంటీ అని పెద్ద అక్షరాలలో ఉన్నా జాలీకీ, జార్లకూ అది వర్తించదని చిన్న అక్షరాలలో ఉండవచ్చు. నిలబడి పూర్తిగా చదవండి. న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు.

కొత్తది కొనకుండా నిరుటి జ్యూసర్‌నే అటక మీది నుంచి దించేవారు ముందుగా వైరును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేళ్ళ మధ్య జార్చి, ఎలుక కొరికిందేమో చూడాలి. రబ్బరు రింగు గట్టిపడి బీటలు వారితే మార్చాలి. జాలీని కిటికీ వెలుతురుకు పట్టి చుట్టూ తిప్పి పరీక్షించి, ఏ చిన్న పగులు కనిపించినా పారేయాలి. అన్నీ సవ్యంగా ఉంటే పండు వేయకుండా, మూత బిగించి, పది సెకన్లు వట్టిగా తిప్పి చప్పుడు వినండి. నిరుడు విన్న రొదే వినిపిస్తే అన్ని భాగాలూ కడిగి, ఆరబెట్టి, ఆ తరువాత మొదటి పండు కోయండి.