కాలేజీ ఎంచుకునే ముందు మా ఇంటి నోట్‌బుక్ లెక్క

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా పెద్దాడిని చేర్చినప్పుడు ట్యూషన్ ఫీజు ఒక్కటే చూసి ఒక ప్రైవేటు కాలేజీకి సరే అనేశాం. నెల తిరక్కుండానే యూనిఫాం, ల్యాబు, బస్సు అంటూ రసీదులు మొదలయ్యాయి. అందుకే మేనకోడలి డిగ్రీకి నేనే నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నా.

కాలేజీకో పేజీ. ఒక్క ఏడాది ఫీజు కాదు, చదువు పూర్తయ్యేదాకా అయ్యే మొత్తం రాయండి: అడ్మిషన్, పరీక్ష ఫీజు, హాస్టల్, మెస్, పండక్కి ఇంటికొచ్చే బస్సు ఛార్జీలతో సహా. ప్రభుత్వ కాలేజీ అయినా బరంపురంలో చదివితే ఫీజు కంటే మెస్సే బరువు. ఊళ్లోని ఎస్.కె.సి.జి. కాలేజీకైతే ఆ గడి సున్నా. "సైకిల్ చాలు కదరా" అంటుంది మా అక్క.

ఇక సైజు. గేటు, బిల్డింగు చూసి అంచనా వేయకండి. ఎన్.ఐ.ఆర్.ఎఫ్. (కేంద్ర విద్యాశాఖ కాలేజీలకిచ్చే) ర్యాంకింగ్‌కి దరఖాస్తు చేసిన సంస్థలు తమ డేటాను సొంత వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో మొత్తం విద్యార్థులు, అధ్యాపకుల జాబితా ఉంటాయి. భాగించండి: 1,200 మందికి 30 మంది అంటే 40కి ఒకరు. వాళ్లలో మన సబ్జెక్టు వాళ్లెందరో కాలేజీలో అడిగి వేళ్ల మీద లెక్కపెట్టండి, అసలు సంగతి అక్కడే తేలుతుంది.

సీట్ల సంఖ్య సామ్స్ (ఒడిశా ప్రభుత్వ ఆన్‌లైన్ అడ్మిషన్ల) పోర్టల్‌లో చూసుకోవచ్చు. ఆప్షన్లు పెట్టేముందు హాస్టల్‌కి మాత్రం స్వయంగా వెళ్లి, ఒక పూట భోజనం చేసి రండి. మేం సాంబారు దగ్గరే ఒక పేరు కొట్టేశాం.