కింది పళ్ళ సెట్‌కు పట్టు – 4వ పాఠం: అరిగేది ఏ ముక్క?

పోయిన పాఠంలో కింది దవడ ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లకు, అంటే ఎముకలో దించే మరలకు, చోటు చూశాం. వాటి మీద అబట్‌మెంట్లు, అంటే సెట్‌ను పట్టి నిలిపే లోహపు దిమ్మలు, బిగించేశాం అనుకుందాం. ఇప్పుడు సెట్ అడుగున ఉండే లోహపు టోపీలో ఏం పెట్టాలి?

సెట్ తీసి పెట్టినప్పుడల్లా రెండు ముక్కలు ఒరుసుకుంటాయి, ఏదో ఒకటి అరగక తప్పదు. అరిగేది సెట్‌లో ఉన్న చిన్న ముక్కే అయ్యేలా చూసుకోవాలి. దాన్ని పేషెంట్ కుర్చీలో ఉండగానే మార్చేయొచ్చు. అబట్‌మెంట్ అరిగిందంటే మాత్రం ఖర్చూ, తలనొప్పీ రెండూ ఎక్కువే.

అందుకే నైలాన్‌కు అంత గిరాకీ. లొకేటర్ అనే అబట్‌మెంట్ రకంలో నైలాన్ ముక్క రంగును బట్టి పట్టు మారుతుంది: నీలం 1.5 పౌండ్లు, అంటే సుమారు 680 గ్రాములు. గులాబీ 3 పౌండ్లు. రంగులేనిది 5 పౌండ్లు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ చెయ్యి నేరుగా 5 మీదకే పోతుంది. వేళ్ళు వంకర్లు పోయిన పెద్దావిడ ఆ సెట్‌ను ఊడదీయగలదా? నీలంతో మొదలుపెట్టండి, చాలకపోతే పెంచండి. నల్లది మాత్రం టోపీని సెట్‌లో అతికించేటప్పుడు వాడే తాత్కాలిక ముక్క. దాన్ని మార్చడం మరిచి పేషెంట్‌ను ఇంటికి పంపేయకండి.

నైలాన్ మెత్తనిదే కదా, టైటానియంను ఏం చేస్తుందిలే అనుకోవద్దు. గార రేణువులు నైలాన్‌లో దిగబడితే అదే గరుకు కాగితంలా పనిచేస్తుంది. అబట్‌మెంట్‌కు బంగారు రంగు టైటానియం నైట్రైడ్ పూత వేసేది ఇందుకే. బ్లీచ్ కలిసిన ద్రావణంలో సెట్‌ను రోజూ నానబెడితే నైలాన్ పట్టు త్వరగా సడలుతుంది.

బాల్ అబట్‌మెంట్ (తల గుండ్రంగా ఉండేది) మీద కూర్చునే రబ్బరు ఓ-రింగ్ చవక, మార్చడమూ తేలికే. కాకపోతే లాలాజలంలో నాని సాగే గుణం పోగొట్టుకుంటుంది. అదే బాల్‌కు బంగారు మిశ్రమలోహపు గిన్నె పెడితే, వదులైనప్పుడు దాని రెక్కల్ని పనిముట్టుతో మళ్ళీ బిగించుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది గానీ లోహం మీద లోహం ఒరుసుకుంటే అరుగుదల బాల్ దాకా పోవచ్చు. ఇంప్లాంట్లను కలిపే బార్ (కడ్డీ) మీద క్లిప్పుల్లోనూ ఇదే లెక్క, నేనైతే ప్లాస్టిక్ క్లిప్‌కే ఓటేస్తాను. అయస్కాంతాల పట్టు తక్కువ. పైతొడుగు అరిగి లాలాజలం లోపలికి పోతే తుప్పు పడతాయి. చేతులు వణికేవాళ్ళకు మాత్రం సుఖం, దగ్గరికి తెస్తే చాలు వాటంతట అవే కూర్చుంటాయి.

అభ్యాసం: వాడేసిన నైలాన్ ముక్క ఒకటి తీసుకుని భూతద్దం కింద పెట్టండి. అంచు చుట్టూ ఒకే తీరున నున్నగా ఉంటే అది మామూలు అరుగుదల, కొత్తది వేస్తే సరి. ఒక పక్కే చిరిగి పీచులు లేచిందా? కొత్తది వేసినా నాలుగు రోజుల ముచ్చటే. కారణం, ఇంప్లాంట్లు ఒకదానికొకటి వాలి ఉండొచ్చు, లేదా వెనక చిగురు తరిగి సెట్ ఊగుతూ ఉండొచ్చు. సెట్‌ను నోట్లో పెట్టి వెనక పళ్ళ మీద వేలితో ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు నొక్కండి. రెండో వైపు లేస్తే ముందు రీలైన్ (సెట్ అడుగును ఇప్పటి చిగురుకు అమరేలా సరిచేయడం) చేయించాలి, ఆ తర్వాతే కొత్త ముక్క.