లేబుల్ నేయించే ముందు: చేతికుట్టు దుస్తుల బ్రాండ్ పేరుకు ట్రేడ్‌మార్క్ దరఖాస్తు విధానం

విజయవాడ, గుంటూరుల్లో ఇంటి దగ్గరే కుర్తీలు, పిల్లల గౌన్లు, బ్లౌజులు కుట్టి అమ్మేవాళ్లు ముందు ఓ పేరు అనుకుంటారు. వెంటనే లోగో గీయించి లేబుళ్లకు ఆర్డరిస్తారు. నాలుగు డబ్బులు వచ్చాక ట్రేడ్‌మార్క్ సంగతి చూద్దాంలే అంటారు. ఈ వరస తిరగేస్తేనే డబ్బు మిగులుతుంది. నేత లేబుళ్లు పదో పాతికో చేసివ్వరు. డిజైన్‌ను మెషీన్‌కి ఎక్కించే ఖర్చు ఉంటుంది కాబట్టి వందల్లో, వేలల్లోనే ఆర్డరు తీసుకుంటారు. తీరా ఆ పేరు అప్పటికే ఇంకొకరిదని తేలితే ఆ సరుకంతా దండగ. బట్టలకు కుట్టేసినవి విప్పే పని దానికి అదనం.

అందుకే ముందు పేరు వెతకాలి, తర్వాత దరఖాస్తు పెట్టాలి, ఆ తర్వాతే లేబుల్ జోలికి వెళ్లాలి.

ఎక్కడ, ఎంత

ట్రేడ్‌మార్క్ నమోదు కేంద్ర ప్రభుత్వం పని. 1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టం, 2017 నాటి నియమాల ప్రకారం జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తుంది. అంతమాత్రాన చెన్నై రైలెక్కక్కర్లేదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, విచారణ ఉంటే అదీ వీడియో కాల్‌లోనే జరుగుతుంది.

ఫారం పేరు టీఎం-ఎ. ఒక పేరుకు, ఒక తరగతికి (అంటే సరుకు రకానికి) ఆన్‌లైన్ ఫీజు 4,500 రూపాయలు, కాగితం మీద ఇస్తే 5,000. ఇది వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు. మిగతావారికి ఆన్‌లైన్‌లో 9,000. ఇక్కడే చాలామంది పొరబడతారు. మీ ఒక్కరి పేరు మీద నడిచే వ్యాపారమైతే మీరు వ్యక్తి కిందికే వస్తారు, 4,500కి వేరే సర్టిఫికెట్ ఏదీ అక్కర్లేదు. అదే అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి భాగస్వామ్య సంస్థ పెట్టుకుంటే, చిన్న సంస్థ అని చూపే ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేయాలి. లేకపోతే రెట్టింపు కట్టాలి. ఉద్యమ్ నమోదు ఆధార్‌తో ఆన్‌లైన్‌లో జరుగుతుంది, పూర్తిగా ఉచితం. దానికి కూడా వెయ్యీ రెండు వేలూ అడిగే వెబ్‌సైట్లున్నాయి, వాటి జోలికి పోవద్దు. ఉద్యమ్ ఫారంలో మీ వ్యాపారం ఏ రకమో చెప్పే ఎన్ఐసీ కోడ్ అడుగుతారు. రెడీమేడ్ దుస్తుల తయారీకి 14101, కొలతలు తీసుకుని కుట్టే టైలరింగ్‌కి 14105.

ట్రేడ్‌మార్క్ దరఖాస్తు సొంతంగా దాఖలు చేయడానికి క్లాస్ 3 డిజిటల్ సంతకం (ఆన్‌లైన్ పత్రాల మీద చేసే సంతకం) తీసుకోవాలి. ఒక్క దరఖాస్తు కోసం అదెందుకు అనుకుంటే ట్రేడ్‌మార్క్ ఏజెంటుకో లాయరుకో అప్పగించవచ్చు. అప్పుడు వారికి అధికారమిచ్చే పత్రం మీద సంతకం చేస్తారు. ప్రభుత్వ ఫీజు ఎంత, ఆయన ఫీజు ఎంత అని విడివిడిగా రాయించుకోండి. అధికారి అభ్యంతరాలతో రిపోర్టు వస్తే దానికి జవాబు రాయడం ఆ ఫీజులోనే ఉందో లేదో కూడా ముందే అడగండి. గొడవలు ఎక్కువగా అక్కడే వస్తాయి.

పేరు వెతకడం

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో పబ్లిక్ సెర్చ్ ఉచితం. వెతకడమంటే మీ స్పెల్లింగ్ ఒక్కటే కొట్టి, ఏమీ రాలేదని సంబరపడటం కాదు. ఉదాహరణకు మీ పేరు ‘చిట్టిగోరింట’ అనుకుందాం. ఇంగ్లిష్‌లో చిట్టి చివర ఐ ఉండొచ్చు, వై ఉండొచ్చు. గోరింటలో టి పక్కన హెచ్ ఉండొచ్చు, లేకపోవచ్చు. రెండు ముక్కలూ కలిసి ఉండొచ్చు, విడిగా ఉండొచ్చు. దరఖాస్తు పరిశీలించే అధికారి చూసేది అక్షరాలొక్కటే కాదు, చెవికి ఎలా వినిపిస్తుందో కూడా చూస్తారు. కాబట్టి వర్డ్‌మార్క్‌లో ‘కంటెయిన్స్’ పెట్టి ‘గోరింట’ ముక్కను ఒక్కదాన్నే వెతకండి, ఆ తర్వాత ఉచ్చారణను బట్టి వెతికే ఫొనెటిక్ సెర్చ్ కూడా చేయండి. తరగతి మార్చి మళ్లీ చూడండి. దొరికిన ప్రతి పేరుకూ స్టేటస్ చూడండి. ‘అబాండన్డ్’ అని ఉంటే ఆ దరఖాస్తు వదిలేసినట్టు, ‘రిజిస్టర్డ్’ అని ఉంటే దూరంగా ఉండాలి.

పేరు ఎవరిదీ కాకపోయినా తిరస్కరించే సందర్భాలున్నాయి. చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం సరుకును వర్ణించే మాట, నాణ్యత చెప్పే మాట, ఊరి పేరు ఒక్కరి సొత్తు కాలేవు. ‘కాటన్ కుర్తీస్’, ‘బెస్ట్ బ్లౌజెస్’, ‘విజయవాడ ఫ్యాషన్స్’ లాంటివి అక్కడే ఆగుతాయి. పాలిస్టర్ అమ్ముతూ పేరులో ‘సిల్క్’ పెట్టుకుంటే మోసపుచ్చేది అవుతుంది. పవిత్ర గ్రంథాల పేర్ల విషయంలో 2015లో సుప్రీంకోర్టు అగరుబత్తుల మీది ‘రామాయణ్’ కేసులో స్పష్టంగా చెప్పింది, అలాంటి పేరు మీద ఒక్కరికే హక్కు ఇవ్వలేమని. బట్టలతో సంబంధం లేని మాట, లేదా మీరే కూర్చిన మాట అయితే దారి సులువు. కస్టమర్లకు పేరు చూడగానే సరుకేమిటో తెలియాలని వ్యాపారులు కోరుకుంటారు. చట్టం సరిగ్గా దానికి అడ్డం నిలబడుతుంది. ఆ పని పేరు కింద రాసే చిన్న వాక్యానికి వదిలేయండి.

తరగతి

సరుకులను, సేవలను కలిపి 45 తరగతులుగా విభజించారు. చీరలు, కుర్తీలు, గౌన్లు, కుట్టిన బ్లౌజులు 25వ తరగతి. కుట్టని బ్లౌజు పీసులు, గుడ్డ, దుప్పట్లు, తువాళ్లు 24. లేసులు, ఎంబ్రాయిడరీ ప్యాచ్‌లు, గుండీలు 26. చేతిసంచులు 18. ఇతరులు తయారుచేసినవి తెచ్చి అమ్మే దుకాణానికి 35. ప్రతి తరగతికీ మళ్లీ 4,500 కాబట్టి ఇప్పుడు నిజంగా అమ్మే దానికే కట్టండి. కుర్తీలే ప్రధానమైతే 25 ఒక్కటి చాలు. ఎప్పుడో బ్యాగులు కుడతామన్న ఆలోచనకు ఇప్పుడే డబ్బు పెట్టడం అనవసరం.

ఫారం నింపేటప్పుడు

పేరును మాటగా ఇవ్వాలా, లోగోగా ఇవ్వాలా అనేది మొదటి నిర్ణయం. మాటగా ఇస్తే ఏ అక్షరశైలిలో, ఏ రంగులో రాసినా రక్షణ ఉంటుంది. లోగోగా ఇస్తే ఆ బొమ్మకు ఉంటుంది, రేపు లోగో మార్చుకుంటే మళ్లీ దరఖాస్తు. ఒక్కదానికే డబ్బుంటే మాటకే పెట్టండి. లోగో ఇచ్చేవారు జేపీఈజీ ఫైలు జతచేయాలి. కాగితం మీదైతే బొమ్మ 8 సెంటీమీటర్ల చదరం దాటకూడదు.

పేరు తెలుగు లిపిలో ఉంటే, దాన్ని ఇంగ్లిష్ లేదా హిందీ అక్షరాల్లో ఎలా రాస్తారో, అర్థమేమిటో కూడా ఇవ్వాలి. తెలుగు పేర్ల దరఖాస్తుల్లో ఎక్కువగా మరిచేది ఇదే, అభ్యంతరం వచ్చాక గాని గుర్తురాదు.

తర్వాత ‘ఎప్పటి నుంచి వాడుతున్నారు’ అన్న గడి. ఇంకా అమ్మకాలు మొదలుకాకపోతే ‘వాడబోతున్నాం’ అని పెట్టండి. ఇప్పటికే అమ్ముతుంటే మొదటి తేదీ రాసి, దాన్ని సమర్థిస్తూ స్టాంపు పేపరు మీద అఫిడవిట్ నోటరీ చేయించి, రుజువులు జతచేయాలి. తేదీ వేసిన బిల్లులు, పేరు కనిపించే ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు, విజయవాడ వన్‌టౌన్‌లో లేబుల్ అచ్చు వేయించినప్పుడు ఇచ్చిన బిల్లు, అన్నీ పనికొస్తాయి. వీటిలో ముఖ్యం, బిల్లు మీద బ్రాండ్ పేరు ఉండటం. ‘కుర్తీలు 4’ అని మాత్రమే రాసిన చిట్టీ మీరు అమ్మారని చెబుతుంది గాని, ఆ పేరుతో అమ్మారని చెప్పదు. పాతదైతే బలమని నాలుగేళ్లు వెనక్కి వేసేవాళ్లున్నారు. ఆ తేదీని ఎవరైనా సవాలు చేస్తే దరఖాస్తు మొత్తం అనుమానంలో పడుతుంది, తర్వాత మార్చుకోవడమూ తేలిక కాదు.

మెయిల్ ఐడీ విషయంలో జాగ్రత్త. ఏజెంటు ద్వారా వేస్తే ఉత్తరాలన్నీ ఏజెంటు మెయిల్‌కే వెళతాయి. అందుకని దరఖాస్తు నంబరు తీసుకుని, నెలకోసారి మీరే స్టేటస్ చూసుకోండి.

దాఖలు చేశాక

లోగో అయితే ముందు స్టేటస్‌లో ‘వియన్నా కోడిఫికేషన్’ అని కనిపిస్తుంది, అది బొమ్మకు కోడ్ వేసే దశ. తర్వాత ‘మార్క్‌డ్ ఫర్ ఎగ్జామ్’, అంటే అధికారి పరిశీలనకు వెళ్లిందని. ఆ తర్వాత ‘ఆబ్జెక్టెడ్’ అని రాగానే కంగారు పడతారు. అది తిరస్కరణ కాదు, అధికారి ప్రశ్న మాత్రమే. పరీక్ష రిపోర్టు అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తు వదిలేసినట్టే లెక్క, కట్టిన ఫీజు తిరిగిరాదు. 9వ సెక్షన్ అభ్యంతరమైతే పేరు ఎందుకు ప్రత్యేకమో, వాడకంతో ఎలా గుర్తింపు వచ్చిందో చెప్పాలి. 11వ సెక్షన్ అంటే ముందే ఉన్న పేరుతో పోలిక. ఆ పేరు ఉచ్చారణలో, రూపంలో, సరుకులో మీ పేరుకు ఎలా వేరో ఒక్కొక్కటిగా చూపాలి. ‘మాది చిన్న వ్యాపారం, దయచేసి ఇవ్వండి’ అని రాసిన జవాబుతో ఒరిగేదేమీ లేదు.

అంగీకరించాక ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో ప్రచురిస్తారు. అక్కడి నుంచి నాలుగు నెలల్లోపు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. వ్యతిరేకిస్తే ఆ నోటీసు మీకు అందిన రెండు నెలల్లో ఎదురు వాదన దాఖలు చేయాలి. ఎవరూ రాకపోతే సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో వస్తుంది. ప్రచురణకు గాని, సర్టిఫికెట్‌కు గాని వేరే ఫీజు లేదు. మీ చిరునామా అందరికీ కనిపిస్తుంది కాబట్టి ‘జర్నల్ ఫీజు కట్టండి’ అని అచ్చం ప్రభుత్వ ఉత్తరంలా ఉండేవి వస్తాయి. చెత్తబుట్టలో వేయండి.

ఇప్పుడు లేబుల్

పేరు పక్కన ఇంగ్లిష్‌లో ‘టీఎం’ అని చిన్నగా వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సున్నాలో ఆర్ గుర్తు మాత్రం సర్టిఫికెట్ వచ్చాకే. ముందే వేయడం చట్టప్రకారం తప్పు. కాబట్టి మొదటి విడత తక్కువ సంఖ్యలో, కాటన్ టేపు మీద అచ్చు వేయించుకుని ‘టీఎం’తో నడపండి. నేత లేబుళ్లు నమోదు అయ్యాక పెద్ద సంఖ్యలో చేయించుకోవచ్చు. దరఖాస్తులో ఇచ్చిన పేరు, లేబుల్ మీది పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి.

తెలుగు అక్షరాలు నేయించాలంటే సెంటీమీటరు వెడల్పు టేపు చాలదు. ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కాబట్టి అసలు అక్షరం చిన్నదై ‘ట్ట’ ఓ ముద్దలా కనిపిస్తుంది. రెండు సెంటీమీటర్ల టేపు తీసుకుని, సన్నటి దారంతో నేసే డమాస్క్ అడగండి, నమూనా ముక్క చూశాకే సరే అనండి. కుట్టులోకి పోయే భాగానికి రెండు చివర్లా 6, 7 మిల్లీమీటర్లు వదలండి. వేడితో కత్తిరించిన శాటిన్ అంచు గరుకుగా ఉండి పిల్లల మెడకు గుచ్చుకుంటుంది. గౌన్లకైతే చివర్లు మడిచిన లేబులే మేలు. అచ్చు వేసిన టేపును సబ్బునీళ్లలో నాలుగైదు సార్లు ఉతికి, ఇస్త్రీ చేసి, రంగు నిలిచిందని చూశాక ఆర్డరివ్వండి.

మెడ దగ్గర బ్రాండు, పక్క కుట్టులో బట్ట రకం, ఉతికే విధానం. విడిగా, ప్యాక్ చేయకుండా అమ్మే దుస్తుల మీద సరుకు పేరు, సెంటీమీటర్లతో సహా సైజు, ఎంఆర్పీ, తయారీదారు పేరు, చిరునామా, కస్టమర్ కేర్ నంబరు ఉండాలి. ఇవి వేలాడే అట్టముక్క మీద వేస్తే సరిపోతుంది.

మంగళగిరి బట్టతో కుట్టేవారికి ఇంకో మాట. మంగళగిరి చీరలు, వస్త్రాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుంది. మచిలీపట్నం కలంకారీకీ అంతే. ఆ పేర్లను మీ బ్రాండుగా నమోదు చేసుకోలేరు. నిజంగా అక్కడి నేత అయితే లేబుల్ మీద ఆ మాట రాయవచ్చు. తయారీదారులైతే చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో జీఐ-3 ఫారంతో అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోవచ్చు. మరమగ్గం బట్టకు ఆ పేరు తగిలిస్తే మాత్రం కేసే. చేనేత బట్ట అని తెలిపే హ్యాండ్లూమ్ మార్క్ లోగో కూడా అంతే, నమోదు లేకుండా ఎవరి లేబుల్ మీదా వేయకూడదు.

ట్రేడ్‌మార్క్ గడువు దరఖాస్తు తేదీ నుంచి పదేళ్లు. గడువుకు ముందు ఏడాదిలో టీఎం-ఆర్ ఫారంతో 9,000 కట్టి పొడిగించుకోవాలి. దాటిపోయినా ఆరు నెలల వరకు అదనపు రుసుముతో అవకాశముంటుంది. నమోదు చేసి ఐదేళ్లకు పైగా అసలు వాడకపోతే తొలగించమని ఎవరైనా అడగవచ్చు. అందుకని ఏటా ఆ పేరుతో ఉన్న బిల్లు ఒకటి, లేబుల్ ముక్క ఒకటి ఫైలులో పెట్టి ఉంచండి.